ఓటరు తీర్పును తోసిపుచ్చే నాయకుడిని జనం ఎందుకు నమ్మరు?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. జనం ఓటు వేసి ఒక నిర్ణయం చెప్పాక, "ఓటర్లకు విషయం అర్థం కాలేదు", "ఎవరో వాళ్లను తప్పుదోవ పట్టించారు" అంటూ నాయకులు దాన్ని పక్కన పెట్టడం చూసి చూసి, మీకు ఇక ఎవరి మీదా నమ్మకం మిగల్లేదని రాశారు. ఆ వెంటనే ఇంకో మాట కూడా అడిగారు: ఇది నా తొందరపాటా, ఎన్నికైన మనిషికి సొంత ఆలోచనతో నడిచే హక్కు ఉండదా అని. మొదటిదానికి నా జవాబు, మీది తొందరపాటు కాదు. రెండోదానికి, ఆ హక్కు ఉంటుంది, కానీ దానికి ఒక వెల ఉంది. ఆ వెలను నాయకుడు తాను కట్టాడా, ఓటరు చేత కట్టించాడా అన్న దాని మీదే నమ్మకం నిలవడమో కూలడమో జరుగుతుంది. కొంచెం వివరంగా చెబుతాను, ఓపికగా చదవండి.

నేను చాలా ఏళ్లు ఓట్ల లెక్కింపు కేంద్రాల్లో పని చేశాను. అక్కడ నా కంటికి అన్నిటికంటే విలువైనదిగా కనిపించింది ఓడిన అభ్యర్థి ఏజెంటు పెట్టే సంతకం. ఒక రాత్రి బాగా గుర్తుంది. తేడా చాలా తక్కువ. ఓడిపోతున్న పక్షం ఏజెంటు నడివయసు దాటిన మనిషి, పొద్దున్నుంచి కుర్చీ వదల్లేదు. ఒక కట్టలో ఓటు ఒకటి తక్కువ ఉందని ఆయనకు అనుమానం వచ్చింది. కట్ట విప్పి ఆయన ఎదుటే మళ్లీ లెక్కపెట్టాం. సరిపోయింది. చెల్లవని పక్కన పెట్టిన కాగితాలు మళ్లీ చూపించమన్నారు. చూపించాం. గుర్తు సరిగ్గా రెండు గళ్ల మధ్య గీత మీద పడిన ఒక కాగితాన్ని దీపం వెలుగులోకి ఎత్తి చాలాసేపు చూశారు. అది తమకు పడిందనే ఆయన నమ్మకం, కానీ నిబంధన ఏమిటో ఆయనకూ తెలుసు. కాగితం కింద పెట్టేశారు. తెల్లవారుజామున ఫలితాల పత్రం ఆయన ముందుకు జరిపితే, కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, అంకెలన్నీ వేలితో ఒక్కొక్కటిగా చూసుకుంటూ వచ్చి సంతకం చేశారు. కలానికి మూత పెట్టి, ఎదుటి పక్షం ఏజెంటుతో చెయ్యి కలిపి వెళ్లిపోయారు.

ఆ సంతకంతో ఆయన "మీ వాదన నిజం, మాది తప్పు" అని ఒప్పుకోలేదు. మర్నాడూ అదే పార్టీలో ఉంటారు, అదే మాట మాట్లాడతారు. "ఈసారి లెక్క మీ వైపు తేలింది, నేను ఒప్పుకుంటున్నాను. రేపు మా వైపు తేలితే మీరూ ఒప్పుకోవాలి" అన్నదే దాని అర్థం. రాజనీతి శాస్త్రం చదివినవారు దీన్ని ఓడినవారి సమ్మతి అంటారు. గెలిచినవారు ఫలితాన్ని ఎలాగూ ఒప్పుకుంటారు, అందులో గొప్ప ఏమీ లేదు. ఓడినవారు ఒప్పుకున్నప్పుడే ఆ ఫలితం అందరిదీ అవుతుంది.

ఇదే పని అమెరికాలో ఎంత పెద్ద స్థాయిలో జరిగిందో చూడండి. 2000లో అధ్యక్ష ఎన్నిక మొత్తం ఫ్లోరిడా రాష్ట్రం మీద ఆగింది. అక్కడ జార్జ్ డబ్ల్యూ. బుష్ 537 ఓట్ల తేడాతో ముందున్నారు. దేశమంతటా కలిపి చూస్తే ఆయన ప్రత్యర్థి, అప్పటి ఉపాధ్యక్షుడు అల్ గోర్‌కు 5 లక్షలకు పైగా ఓట్లు ఎక్కువ వచ్చాయి. డిసెంబరు 12న సుప్రీంకోర్టు తీర్పుతో మళ్లీ లెక్కించడం ఆగిపోయింది. ఆ తీర్పుతో తాను గట్టిగా విభేదిస్తున్నానని, అయినా దాన్ని అంగీకరిస్తున్నానని మర్నాడు గోర్ చెప్పారు. 2001 జనవరి 6న, ఉపాధ్యక్షుడి హోదాలో తన ఓటమిని ధ్రువీకరించే సభకు ఆయనే అధ్యక్షత వహించాల్సి వచ్చింది. సొంత పార్టీ సభ్యులు ఒకరి తర్వాత ఒకరు లేచి అభ్యంతరం చెబుతుంటే, దాని మీద ఒక సెనేటరు సంతకం ఉందా అని అడిగి, లేదంటే నిబంధన ప్రకారం తోసిపుచ్చారు. సరిగ్గా 20 ఏళ్ల తర్వాత, 2021 జనవరి 6న, అదే సభ జరుగుతుండగా పార్లమెంటు భవనంలోకి మూక చొరబడింది. 2020 ఎన్నికలో ఓటమిని డోనాల్డ్ ట్రంప్ ఒప్పుకోలేదు, ఆయన పక్షాన పడిన 60కి పైగా కేసుల్లో దాదాపు అన్నీ కోర్టుల్లో వీగిపోయాయి. ఆ రెండు సభల మధ్య రాజ్యాంగం మారలేదు, లెక్కించే పద్ధతీ పెద్దగా మారలేదు. ఓడినవారి సమ్మతి ఒక్కటే లేకుండా పోయింది.

ఇక మీ బాధ దగ్గరికి వస్తాను. నాయకుడు జనం తీర్పును పక్కన పెట్టినప్పుడు రెండు రకాల ఓటర్లు ఒకేసారి పాఠం నేర్చుకుంటారు. గెలిచిన వైపు ఉన్నవారికి తమ గెలుపు చెల్లదని తెలుస్తుంది. ఓడిన వైపు ఉన్నవారికి, ఓడినా పై నుంచి ఎవరో తమ పని చక్కబెడతారని తెలుస్తుంది. ఆ పాఠం నేర్చుకున్నాక తర్వాతి ఎన్నికలో ఫలితాల పత్రం మీద మనస్ఫూర్తిగా సంతకం పెట్టే మనిషి ఎవరు?

అందులోనూ అందరికంటే ఎక్కువ హాని చేసే మాట "జనానికి అర్థం కాలేదు" అన్నదే. ఈ మాట అన్న నాయకుడిని ఎన్నుకున్నదీ ఆ జనమే. చాలా చోట్ల అదే రోజు, అదే గదిలో, ఒకే కలంతో రెండు కాగితాల మీద గుర్తు పెట్టి ఉంటారు. ఒక కాగితం మీద ఆయన పేరు ఎదురుగా గుర్తు పెట్టేటప్పుడు వాళ్లకు అన్నీ అర్థమయ్యాయి, రెండో కాగితం చేతిలోకి తీసుకోగానే ఏమీ అర్థం కాకుండా పోయిందా? ఓటరుకు ఇది వెంటనే తగులుతుంది. తన అభిప్రాయం తప్పన్నందుకు ఎవరూ అంతగా నొచ్చుకోరు. తన అభిప్రాయం లెక్కలోకే రాదని తెలిసినప్పుడు మాత్రం మనసు విరిగిపోతుంది.

అమెరికాలోని దక్షిణ డకోటా రాష్ట్రంలో 2016 నవంబరులో ఇదే జరిగింది. శాసనసభ్యులకు లాబీయిస్టులు, అంటే చట్టాల కోసం పైరవీ చేసేవారు, ఇచ్చే కానుకలకు పరిమితి పెట్టాలని, నైతిక ప్రవర్తనను విచారించే ఒక సంఘం ఉండాలని, ఎన్నికల విరాళాల నిబంధనలు బిగించాలని ఓటర్లు నేరుగా ఓటు వేసి, 51 శాతానికి పైగా మద్దతుతో చట్టం చేశారు. అంటే ఆ చట్టం ఎవరిని కట్టడి చేస్తుందో, దాన్ని ఉంచాలా తీసేయాలా అన్న అధికారం కూడా వాళ్ల చేతిలోనే ఉంది. ఓటర్లు మోసగాళ్ల మాటలకు పడిపోయారని గవర్నరు అన్నారు. మూడు నెలలు తిరగకుండానే, 2017 ఫిబ్రవరి మొదట్లో, శాసనసభ ఆ చట్టాన్ని రద్దు చేసింది. న్యాయంగా చెప్పాలంటే ఆ చట్టంలో లోపాలు లేకపోలేదు. రాజ్యాంగ సమస్యలు ఉన్నాయంటూ అప్పటికే ఒక న్యాయమూర్తి దాన్ని నిలిపివేశారు కూడా. లోపాలుంటే సవరించవచ్చు, ఓటర్లకు చెప్పి మళ్లీ ఓటింగుకు పెట్టవచ్చు. వాళ్లు రద్దు బిల్లుకు 'అత్యవసరం' అన్న నిబంధన తగిలించారు. ఆ ఒక్క మాటతో రద్దు వెంటనే అమల్లోకి వచ్చింది, దాన్ని సవాలు చేస్తూ ప్రజలు మరో ఓటింగు కోరే దారి మూసుకుపోయింది. నేను ఎక్కడ ఇలాంటి కథ విన్నా మొదట ఈ తలుపు కోసమే వెతుకుతాను. ఓటరు దగ్గరికి తిరిగి వెళ్లే తలుపు తెరిచి ఉంచారా, మూసేశారా?

తలుపు మూయకుండా దొడ్డిదారిన వెళ్లడం ఇంకో పద్ధతి. ఐరోపా సమాఖ్యకు రాజ్యాంగంలా ఉండాల్సిన ఒప్పందాన్ని 2005 మే 29న ఫ్రాన్స్ ఓటర్లు దాదాపు 55 శాతం మెజారిటీతో తిరస్కరించారు. మూడు రోజుల తర్వాత నెదర్లాండ్స్‌లో 61 శాతానికి పైగా వద్దన్నారు. ఫ్రాన్స్‌లో ఓటర్లలో 69 శాతం మంది వచ్చి వేసిన ఓటు అది, ఎవరో కొద్దిమంది చెప్పిన మాట కాదు. 2007 డిసెంబరులో లిస్బన్ ఒప్పందం పేరుతో కొత్త పత్రం మీద సంతకాలు జరిగాయి. మొదటి ముసాయిదా రాసిన సభకు అధ్యక్షత వహించిన వాలెరీ జిస్కార్ దెస్తాంగే స్వయంగా, పాత అంశాలు చాలావరకు అలాగే ఉన్నాయని, అమర్చిన వరుస మారిందని రాశారు. ఈసారి రెండు దేశాల్లోనూ పార్లమెంటులే ఆమోదించాయి, ఓటర్లను అడగలేదు. ఫ్రాన్స్ అధ్యక్ష పదవికి పోటీ చేసిన నికొలా సర్కోజీ ఈ పని పార్లమెంటు ద్వారానే చేస్తానని 2007 ఎన్నికల ప్రచారంలో ముందే చెప్పారు, గెలిచారు. కాబట్టి ఆయన మాట తప్పారని నేను అనను. అయినా ఆ గాయం ఫ్రాన్స్‌లో ఇప్పటికీ మానలేదు, వామపక్షం నుంచి తీవ్ర జాతీయవాదుల దాకా అందరూ దాన్ని ఎత్తి చూపుతూనే ఉన్నారు. ఒక ప్రశ్నను ప్రత్యేకంగా జనాన్ని అడిగి, వాళ్లు లేదన్నాక, అదే ప్రశ్నను వంద వాగ్దానాల మధ్య ఒకటిగా కలిపి జవాబు తెచ్చుకుంటే, అది అడిగినట్టు కాదని ఓటరుకు తెలుసు.

బ్రిటన్ సంగతి ఇంకా లోతుగా చూడాలి, ఎందుకంటే అక్కడ చట్టం ఒకటి చెప్పింది, ప్రభుత్వం ఇంకొకటి చెప్పింది. ఐరోపా సమాఖ్యలో ఉండాలా, బయటికి వెళ్లాలా అన్న 2016 జూన్ 23 నాటి ఓటింగు చట్ట ప్రకారం సలహా మాత్రమే. 2011లో ఎన్నికల పద్ధతి మీద జరిపిన ఓటింగుకు, ఫలితాన్ని తప్పక అమలు చేయాలన్న నిబంధన చట్టంలోనే ఉంది, 2016 నాటి దానికి లేదు. ఇది న్యాయవాదులకు తెలిసిన నిజం. ఓటరుకు తెలిసిన నిజం వేరు. ఓటింగుకు రెండు నెలల ముందు ప్రభుత్వం 90 లక్షల పౌండ్లకు పైగా ఖర్చుతో దేశంలోని ఇంటింటికీ ఒక కరపత్రం పంపింది. ఆ కరపత్రం అంతా సమాఖ్యలో ఉండమనే చెప్పింది, కానీ అందులోనే "ఇది మీ నిర్ణయం. మీరు ఏది నిర్ణయిస్తే ప్రభుత్వం దాన్ని అమలు చేస్తుంది" అని రాసి ఉంది. తపాలాలో వచ్చిన ఆ కాగితాన్ని తెరిచి చదువుకున్న మనిషిని ఊహించుకోండి. ఎన్నో ఏళ్లుగా ఓటు వేయనివారు కూడా ఆ రోజు కదిలి వెళ్లారు, 72 శాతం పోలింగ్ జరిగింది. 51.9 శాతం బయటికి వెళ్దామన్నారు. ఆ తర్వాత మూడేళ్లు "అది సలహాయే కదా" అన్న మాట విన్నప్పుడు ఆ మనిషికి గుర్తొచ్చేది చట్టంలోని నిబంధన కాదు, తన బల్ల మీదికి వచ్చిన ఆ కాగితం.

2019లో లిబరల్ డెమొక్రాట్లు, తమకు మెజారిటీ వస్తే మళ్లీ ఓటింగు పెట్టకుండానే బ్రెగ్జిట్‌ను రద్దు చేస్తామన్నారు. డిసెంబరు ఎన్నికలో ఆ పార్టీకి 11 సీట్లు వచ్చాయి, నాయకురాలు జో స్విన్సన్ తన స్థానాన్నే 149 ఓట్ల తేడాతో పోగొట్టుకున్నారు. ఆమె ఓటమికి ఆ ఒక్క విధానమే కారణమని అనలేను, ఆమె పోటీ చేసింది స్కాట్లాండ్‌లో, అక్కడి లెక్కలు వేరు. పార్టీ మొత్తం ఓట్ల శాతం పెరిగింది కూడా. ఒక్క విషయంలో మాత్రం వాళ్లను మెచ్చుకుంటాను: అనుకున్నది దాచకుండా ఎన్నికకు ముందే చెప్పారు.

ఈ సందర్భంలోనే రెండో వైపు కూడా చెప్పకపోతే తప్పు చేసినవాడినవుతాను. 48.1 శాతం మంది ఉండిపోదామన్నారు. ఎలా బయటికి వెళ్లాలి, ఎంత దూరం వెళ్లాలి అన్నది ఓటింగు కాగితంలో లేదు. అయినా "జనం చెప్పేశారు, ఇక మాట్లాడవద్దు" అంటూ ఆ 48 శాతాన్ని లేనట్టే చూసిన నాయకులు చాలామంది ఉన్నారు. అది కూడా ఓటరును తోసిపుచ్చడమే. తీర్పును గౌరవించడమంటే తీర్పులో ఉన్నంతవరకు గౌరవించడం. లేనిదాన్ని అందులోకి చొప్పించి "ఇది ప్రజాదేశం" అనడం కూడా ఒక రకం మోసమే, అది పైకి గౌరవంలా కనబడుతుంది కాబట్టి పట్టుకోవడం కష్టం.

నమ్మకం పోయిన ఓటరు ఏం చేస్తాడు? చాలాచోట్ల ఇంట్లో కూర్చుంటాడు. న్యూజిలాండ్‌లో ఎన్నికల పద్ధతినే మార్చేశారు. 1986లో ప్రభుత్వం వేసిన ఒక విచారణ సంఘం (రాయల్ కమిషన్), పార్టీలకు వచ్చిన ఓట్లకు తగ్గట్టు సీట్లు వచ్చే కొత్త ఎన్నికల పద్ధతిని సిఫారసు చేసింది. 1987 ఎన్నికల ప్రచారంలో టీవీ చర్చలో ప్రధాని డేవిడ్ లాంగే దీని మీద ప్రజాభిప్రాయ సేకరణ జరుపుతామన్నారు. గెలిచాక ఆ మాట అటకెక్కింది. ప్రత్యర్థి నేషనల్ పార్టీ దాన్ని అందిపుచ్చుకుని, మేం జరుపుతామని 1990లో మాట ఇచ్చి గెలిచింది. ఆ దశాబ్దంలో రెండు పార్టీలూ, ఎన్నికల ముందు చెప్పని ఆర్థిక మార్పులను గెలిచాక ఒక్కసారిగా అమలు చేసి ఉన్నాయి. చివరికి 1992లో అడిగినప్పుడు దాదాపు 85 శాతం మంది పాత పద్ధతి మార్చాలన్నారు. 1993లో దాదాపు 54 శాతం మంది కొత్త పద్ధతినే ఎంచుకున్నారు. రెండు పెద్ద పార్టీల నాయకుల్లో చాలామందికి అది ఇష్టం లేదు. ఒక పార్టీకే పూర్తి అధికారం వస్తే మాట తప్పుతున్నారు కాబట్టి అసలు అలా రాకుండానే చేద్దామని ఓటర్లు అనుకున్నారు. ఇంత జరిగాక కూడా, 1999లో సభ్యుల సంఖ్యను 120 నుంచి 99కి తగ్గించాలని 81 శాతానికి పైగా ఓటర్లు అంటే, అది కట్టుబడాల్సిన తీర్పు కాదంటూ పార్లమెంటు పక్కన పెట్టింది. ఆ ప్రతిపాదన నాకు నచ్చదు, సభ్యులు తగ్గితే చిన్న పక్షాలు నష్టపోతాయి. అయినా ఆ 81 శాతానికి నాయకులు ఎదురుగా నిలబడి జవాబు చెప్పి ఉండాల్సింది.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న, నాయకుడికి సొంత విచక్షణ ఉండదా అన్నది. ఉంటుంది. ఈ వాదనకు అందరూ బ్రిటిష్ పార్లమెంటు సభ్యుడు ఎడ్మండ్ బర్క్ పేరు చెబుతారు. 1774లో బ్రిస్టల్ ఓటర్లు ఎన్నుకున్న వెంటనే, వాళ్ల ఎదుటే నిలబడి, మీ ప్రతినిధి మీకు తన శ్రమతో పాటు తన ఆలోచననూ ఇవ్వాలి, మీ అభిప్రాయం కోసం దాన్ని వదిలేస్తే మీకు ద్రోహం చేసినట్టే అన్నారు. ఇంతవరకే చెప్పి ఆపేస్తారు. తర్వాత ఏం జరిగింది? బ్రిస్టల్ వర్తకులకు నచ్చకపోయినా ఐర్లాండ్‌తో వాణిజ్యం మీద ఆంక్షలు సడలించాలన్నారు, కాథలిక్కుల మీద ఉన్న కఠిన చట్టాలను తగ్గించాలన్నారు. 1780లో మళ్లీ అదే ఓటర్ల ముందుకు వెళ్లారు, తాను చేసినదాన్ని సమర్థించుకున్నారు, గెలిచే అవకాశం లేదని తేలాక పోటీ నుంచి తప్పుకున్నారు. నేను ముందు చెప్పిన వెల ఇదే. ఆయన సీటు ఆయనే పోగొట్టుకున్నారు. ఈ రోజు బర్క్ మాటను అరువు తెచ్చుకునేవారిలో ఎంతమంది ఆ రెండో సగాన్ని కూడా తెచ్చుకుంటున్నారో మీరే చూడండి.

తీర్పును మార్చినా నమ్మకం కూలని ఉదాహరణ ఒకటి స్వీడన్‌లో ఉంది. అక్కడ వాహనాలు రోడ్డుకు ఎడమ వైపు నడిచేవి. పొరుగున నార్వే, ఫిన్లాండ్‌లో కుడి వైపు. 1955 అక్టోబరులో, మారుదామా అని అడిగితే దాదాపు 83 శాతం మంది వద్దన్నారు. ఇంతకంటే స్పష్టమైన తీర్పు ఉండదు. 1963లో పార్లమెంటు దానికి విరుద్ధంగా, మారుదామనే నిర్ణయించింది. 1967 సెప్టెంబరు 3 ఆదివారం తెల్లవారుజామున 4 గంటల 50 నిమిషాలకు రోడ్డు మీద ఉన్న ప్రతి వాహనం ఆగింది, మెల్లగా కుడి వైపుకు జరిగింది, 5 గంటలు కొట్టేదాకా అక్కడే నిలబడి, మళ్లీ కదిలింది. 83 శాతం మందికి ఇష్టం లేని పని, పెద్ద గొడవ లేకుండా జరిగిపోయింది.

ఎందుకు సాధ్యమైంది? నిర్ణయం మర్నాడే మార్చలేదు, మధ్యలో ఎనిమిదేళ్లు గడిచాయి, 1956, 1958, 1960ల్లో మూడు ఎన్నికలు జరిగాయి. ఈలోగా కార్ల సంఖ్య బాగా పెరిగింది, అందులో చాలా కార్లకు స్టీరింగ్ ఎడమ వైపే ఉండేది, ఇరుకు రోడ్ల మీద ఎదురుగా వచ్చే బండి కనపడక ప్రమాదాలు జరిగేవి. అంటే పరిస్థితి మారిందని జనానికి కళ్లెదుట కనిపించింది. ఒక పార్టీకి లాభం, ఒకరికి నష్టం అన్నది అందులో లేదు. ఆ తర్వాత నాలుగేళ్లు ఇంటింటికీ వివరించారు, పాల డబ్బాల మీద కూడా ఆ రోజు గుర్తు ముద్రించారు. 1955లో ఓటు వేసినవారు తెలివితక్కువవారని చెప్పి ఈ పని చేయలేదు. మీరు అప్పుడు చెప్పినదానికి కారణాలు ఉన్నాయి, ఇప్పుడు ఇవి మారాయి అన్న పద్ధతిలోనే జరిగింది.

ఓటుకు హద్దులు కూడా ఉన్నాయి, అది దాచకూడదు. 1964లో కాలిఫోర్నియాలో, ఇల్లు అమ్మేటప్పుడు, అద్దెకిచ్చేటప్పుడు జాతి వివక్షను అడ్డుకునే చట్టాలను చెల్లకుండా చేసే ప్రతిపాదనకు సుమారు 65 శాతం మంది ఓటు వేశారు. దాన్ని ముందు రాష్ట్ర సుప్రీంకోర్టు, 1967లో దేశ సుప్రీంకోర్టు కొట్టేశాయి. అది సరైన పనే. పక్కవాడి హక్కును ఎంతమంది కలిసి ఓటు వేసినా తీసేయలేరు. కానీ గమనించండి, కొట్టేసింది కోర్టు, బహిరంగంగా వాదనలు విని, కారణాలు రాసి, ముందే అందరికీ తెలిసిన రాజ్యాంగం ప్రకారం. ఓటు నచ్చని నాయకుడు తన గదిలో కూర్చుని తీసుకున్న నిర్ణయంతో దీన్ని పోల్చలేం.

2015లో గ్రీసు కథ నన్ను ఎప్పుడూ ఆలోచనలో పడేస్తుంది. రుణదాతల షరతులను ఒప్పుకోవాలా అని జులై 5న అడిగితే 61 శాతానికి పైగా వద్దన్నారు. అప్పటికే బ్యాంకులు మూతపడి ఉన్నాయి, మనిషి రోజుకు 60 యూరోలకు మించి తీసుకోలేని స్థితి. వారం రోజులకే ప్రధాని అలెక్సిస్ సిప్రాస్ దాదాపు అలాంటి షరతులకే ఒప్పుకున్నారు, కొందరి లెక్కలో అంతకంటే కఠినమైనవి. జనం తీర్పును ఇంత త్వరగా, ఇంత నేరుగా తిప్పేసిన సందర్భం అరుదు. అయితే ఆయన ఆగస్టులో రాజీనామా చేసి, సెప్టెంబరు 20న మళ్లీ ఓటర్ల ముందుకు వెళ్లారు. గెలిచారు కూడా. ఓటర్లు ఆయనను మన్నించారని కొందరంటారు. నాకు ఇంకో అంకె కనిపిస్తుంది: జనవరిలో 63 శాతం దాటిన పోలింగ్ సెప్టెంబరులో 57 శాతం కూడా లేదు. వచ్చినవారు మన్నించారు. రానివారు ఏమనుకున్నారో ఆ ఫలితాల్లో లేదు.

"మళ్లీ మళ్లీ అడగడం కూడా తోసిపుచ్చడమే కదా" అని మీకు అనిపించవచ్చు. ఐర్లాండ్‌ను అందరూ ఇలాగే ఎత్తిచూపుతారు. 2001 జూన్‌లో ఐరోపా సమాఖ్య దేశాల నీస్ ఒప్పందానికి అక్కడ దాదాపు 54 శాతం వద్దన్నారు, 2002 అక్టోబరులో దాదాపు 63 శాతం సరేనన్నారు. 2008లో లిస్బన్ ఒప్పందానికి 53 శాతం వద్దన్నారు, 2009లో 67 శాతం సరేనన్నారు. సరే అనేదాకా అడుగుతూనే ఉంటారన్న కోపం అప్పటినుంచి ఉంది. నేను ఈ కోపాన్ని సగం ఒప్పుకుంటాను. 2001లో ఓటు వేసింది 35 శాతం లోపే. ఆ తర్వాత జనం ఎందుకు వద్దన్నారో వినడానికి ఒక చర్చావేదిక పెట్టారు, సైనిక తటస్థతకు భంగం రాదన్న ప్రకటన తెచ్చారు, ఉమ్మడి రక్షణ వ్యవస్థలో చేరకూడదన్న మాటను రాజ్యాంగంలోనే చేర్చారు. రెండోసారి దాదాపు 50 శాతం వచ్చారు. అంటే ప్రశ్న మారింది, జవాబిచ్చినవారు పెరిగారు. దాన్ని తోసిపుచ్చడం అనను. మిగతా సగం మాత్రం నన్ను వదలదు: సరేనన్న ఓటు తర్వాత ఎవరూ రెండోసారి అడగలేదు. వద్దన్న ఓటుకు మాత్రమే గడువు ఉండి, సరేనన్న ఓటు శాశ్వతమైతే, వద్దన్నవారు నొచ్చుకోవడంలో తప్పేముంది?

కాబట్టి మీరు ఒక నాయకుడిని నమ్మాలా వద్దా అని తేల్చుకోవలసి వస్తే, అతను మీ ఓటుతో ఏకీభవించాడా లేదా అని చూడకండి. ఏకీభవించని నాయకులు మనకు కావాలి, ఎప్పుడూ తల ఊపేవాడితో ప్రమాదం ఇంకా ఎక్కువ. ఓటింగుకు ముందు ఏమన్నాడు, తర్వాత ఏమంటున్నాడు అని రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. ముందు "మీ మాటే చివరిది" అని, తర్వాత "అది సలహా" అంటే అక్కడే ఆగవచ్చు. తన నిర్ణయం గురించి మాట్లాడుతున్నాడా, మీ తెలివితేటల గురించి మాట్లాడుతున్నాడా అని వినండి. తీర్పు మారితే లాభం ఎవరికో చూడండి. తనను కట్టడి చేసే చట్టాన్ని తానే రద్దు చేసుకునేవాడు ఎంత చక్కటి కారణం చెప్పినా నేను నమ్మను. అన్నిటికంటే ముఖ్యంగా, ఈ నిర్ణయాన్ని పట్టుకుని మళ్లీ మీ ముందుకు వస్తాడా, మీరు కాదనే అవకాశం మిగిల్చాడా అన్నది చూడండి.

నమ్మకం పూర్తిగా పోయిందన్నారు కాబట్టి డెన్మార్క్ సంగతి చెబుతాను. 1992 జూన్‌లో ఐరోపా సమాఖ్యను ఏర్పరిచే మాస్ట్రిక్ట్ ఒప్పందాన్ని 50.7 శాతం మంది తిరస్కరించారు. తేడా 50 వేల ఓట్ల లోపే. ఆ ఓటింగులో ప్రభుత్వం ఓడిపోయింది, కానీ ఆ 'వద్దు' అన్న మాటలో ఏముందో విని, ఉమ్మడి కరెన్సీ, రక్షణ, పౌరసత్వం, న్యాయ వ్యవహారాలు అన్న నాలుగు విషయాల్లో డెన్మార్క్‌కు మినహాయింపులు సాధించుకుని, 1993 మేలో మళ్లీ అడిగింది. దాదాపు 57 శాతం ఒప్పుకున్నారు. అప్పుడు కూడా ఒప్పుకోనివారు ఉన్నారు, ఆ రాత్రి కోపెన్‌హాగన్‌లో అల్లర్లు జరిగాయి, పోలీసులు కాల్పులు జరిపారు. అంత కోపం మధ్య పుట్టిన మినహాయింపులవి. తర్వాత వచ్చిన నాయకుల్లో చాలామందికి అవి ఇష్టం లేదు, తీసేయాలనే ఉంది. తీసేయాలనుకున్న ప్రతిసారీ జనాన్ని అడిగారు. 2000లో యూరో కరెన్సీ కోసం అడిగితే 53 శాతం వద్దన్నారు, ఈ రోజుకీ డెన్మార్క్ కరెన్సీ క్రోనే. 2015లో న్యాయ వ్యవహారాల గురించి అడిగితే 53 శాతం మళ్లీ వద్దన్నారు, ప్రధాని లార్స్ లోకె రాస్ముసెన్ ఆ జవాబును ఒప్పుకున్నారు. ఉక్రెయిన్ మీద రష్యా దాడి జరిగాక, 2022 జూన్ 1న రక్షణ మినహాయింపు గురించి అడిగారు. మొదటి తీర్పు వచ్చి అప్పటికి 30 ఏళ్లు నిండుతున్నాయి. దాదాపు 67 శాతం మంది, ఇక ఈ మినహాయింపు మాకు అక్కర్లేదని తామే తీసేశారు.